నా తిట్లు నాకివ్వండి

ఆ ఇనుప పోతల ఫౌండ్రీలో ఇసుక మేస్త్రీ చేత తిట్లు తినని మగవాడు లేడు. తిట్లు తిన్న ఆడది లేదు. రెండో ముక్క వినడానికి బాగానే ఉంటుంది, మర్యాదలాగా వినబడుతుంది. మర్యాదా పాడా! ఒక మనిషిని తిట్టాలంటే ముందు ఆ మనిషి ఏదో పని చేసిందని ఒప్పుకోవాలి కదా. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇసుక మేస్త్రీ అంటే అచ్చుల షెడ్డుకి పెద్ద. పక్కనున్న చెక్క షెడ్డులో తయారైన నమూనాని తడి ఇసుకలో పాతి, చుట్టూ దిమ్మిసతో గట్టిగా కొట్టించి, నమూనాని మెల్లిగా పైకి లాగి, మిగిలిన ఖాళీలో కరిగిన ఇనుము పోయించడం ఆయన పని. పోత చెడిందంటే నమూనాని తిరగేసి అడుగున ముద్ర ఎవరిదో చూసేవాడు. నమూనా చేసే ప్రతి పనివాడికీ వేలెడంత ఉక్కు ముద్ర ఒకటుండేది. చేప, నక్షత్రం, గొడుగు, తాళంచెవి, ఇలా ఎవరి గుర్తు వాళ్ళది. పని పూర్తయ్యాక నమూనా అడుగున పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యాలి. ముద్ర లేని నమూనా ఇసుకలోకి దిగకూడదు, అది ఆ ఫౌండ్రీ కట్టుబాటు. తిట్టడానికి అడ్రసు ఉండొద్దూ మరి!

ముద్ర చూసి ఆయన గొంతు సవరించుకున్నాడంటే రేకుల కప్పు మీద పావురాలు ముందే లేచిపోయేవి. ఆయన తిట్లలో బూతు ఉండేది కాదు, ఏమాటకామాట చెప్పుకోవాలి. "ఒరే గొడుగు! కళ్ళు ఇంట్లో దండెం మీద ఆరేసి వచ్చావుట్రా?" అనేవాడు. "ఈ బెజ్జం ఎవరి కోసం పెట్టావు నాయనా, చీమల కోసమా?" అనేవాడు. తిన్నవాడు రెండు రోజులు తలెత్తుకోలేకపోయేవాడు. మూడో రోజు టీ బడ్డీ దగ్గర ఆ తిట్టునే తనే అప్పజెప్పి అందర్నీ నవ్వించేవాడు.

చెక్క షెడ్డులో పదకొండేళ్ళు పనిచేసినా దారం పిల్లకి ముద్ర లేదు.

ఆ ఫౌండ్రీలో ఆమెది మూడో తరం. అమ్మమ్మ ఇసుక మోసింది. బండ్లలో వచ్చిన ఇసుకని తట్టలకెత్తుకుని షెడ్డులోకి చేరవేసే ఆడవాళ్ళలో ఒకతె. హాజరు పుస్తకంలో మగవాళ్ళకి వరసగా పేర్లుండేవి. అన్నిటికన్నా కింద ఒకే ఒక్క వరస: 'ఆడవాళ్ళు, ఆరుగురు.' ఎవరైనా రాకపోతే ఆ రోజుకి 'అయిదుగురు' అయ్యేది. రానిది ఎవరో ఆ పుస్తకానికి అక్కర్లేదు. "ఆ ఆరుగురిలో మా అమ్మమ్మ ఎన్నోదో ఆ గుమాస్తాకే తెలియాలి" అని దారం పిల్ల నవ్వుతూ అనేది గానీ, ఆ నవ్వు పైపైనే.

అమ్మ ఒక మెట్టు ఎక్కింది. కోరులు చేసేది. పైపు లోపల బోలుగా ఉండాలంటే అచ్చు మధ్యలో గట్టి ఇసుక కడ్డీ ఒకటి నిలబెట్టి చుట్టూ ఇనుము పోయాలి. ఆ ఇసుక కడ్డీయే కోరు. ఇసుకలో జిగురు కలిపి, వేళ్ళతో నొక్కి నొక్కి, పొయ్యిలో కాల్చి చేయాలి. ఒక్క పగులున్నా ఇనుము లోపలికి జొరబడుతుంది. మగవాళ్ళు దాన్ని "పిండి పిసకడం" అనేవారు. ఇంట్లో పిసికే చేతులే కదా, ఇక్కడా పిసుకుతాయి అని వాళ్ళ లెక్క. పిసికి చూడమనండి, తెలుస్తుంది! ఇనుము చల్లారాక కోరుని బద్దలు కొట్టి బయటికి దులిపేస్తారు. అమ్మ ముప్పై ఏళ్ళ పనితనం అలా బద్దలైపోయిందే. మిగిలింది ఖాళీ. ఊరి పైపుల్లో నీళ్ళన్నీ ఆ ఖాళీలోంచే పారేవి, ఎవరికీ ఆ ధ్యాసే ఉండేది కాదు.

కూతురు పదిహేడేళ్ళప్పుడు చెక్క షెడ్డులో రంపప్పొట్టు ఊడవడానికి చేరింది. అక్కడ పెద్ద మేస్త్రీగారిదే రాజ్యం. చేప ముద్ర ఆయనదే. సన్నగా, చెవి మీద పెన్సిలుతో, మెడలో తాడుకి కళ్ళద్దాలు వేలాడేసుకుని తిరిగేవాడు. ఆయన కూతురి మొగుడు కూడా అక్కడే పని. వాడిది నక్షత్రం. మేస్త్రీగారి అల్లుడు కాబట్టి షెడ్డు మొత్తానికీ అల్లుడైపోయాడు, తన కన్నా పెద్దవాళ్ళు కూడా "అల్లుడుగారూ" అనే పిలిచేవారు. పనిమంతుడే, కాదనలేం. కాస్త బిగువు.

చేరిన మొదటి వారంలో బల్ల తుడవబోయి అక్కడున్న స్కేలు పక్కకి జరిపింది. "ఏయ్, స్కేలు ముట్టుకోకు!" అని అల్లుడుగారు ఒక్క కేక పెట్టాడు. అంతే, ఇంక ముట్టుకోలేదు. అయితే ముట్టుకోవద్దన్నది స్కేలుని కదా, నమూనాలని కాదు కదా! వాటిని తుడిచేది తనే. జేబులో దారపు ఉండ ఒకటి పెట్టుకుంది. తుడుస్తూ తుడుస్తూ చక్రాల చుట్టూ, మూతలకి అడ్డంగా, కడ్డీల నిడివికి దారం పట్టి, సరిపోయిన చోట ముడి వేసేది. తర్వాత ఆ వస్తువే ఇనుములో పోతయి పెరట్లోకి వచ్చినప్పుడు అదే దారం మళ్ళీ పట్టి చూసేది. ఎందుకంటే ఏం చెబుతుంది? చూడాలనిపించింది, చూసింది. దారం పిల్ల అనే పేరు అలా పడింది.

ఆరు నెలల తర్వాత ఒక రోజు ముళ్ళు వేసిన దారాలు గుప్పెడు పట్టుకుని పెద్ద మేస్త్రీగారి ముందు నిలబడింది.

"మేస్త్రీగారూ, మనం పంపే చెక్క కంటే వాళ్ళు పోసే ఇనుము చిన్నదిగా ఉంటోందండీ. ప్రతిసారీ అంతే. ఆ షెడ్డులో ఎవరైనా ఇనుము కాజేస్తున్నారా ఏంటి?"

మేస్త్రీగారు పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగి ఆ పిల్ల వైపు చూశాడు. ఎవరూ చెప్పకుండా, స్కేలు ముట్టుకోకుండా, చీపురు పట్టుకున్న చేతులతో ఆ పిల్ల ఆ వృత్తి మొత్తానికి మూలసూత్రం పట్టేసింది. ఆయన బల్ల మీద రెండు స్కేళ్ళు పక్కపక్కనే పెట్టాడు.

"ఇది బజారు స్కేలు. ఇది మన దొంగ స్కేలు. రెండిటి మీదా మీటరనే రాసుంది. చూడు."

"ఈ దొంగది సెంటీమీటరు పొడుగుందండీ!"

"ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. మీటరుకి సెంటీమీటరు. అందుకని ముందే అంత పెంచి పంపాలి. దీంతో గీస్తే ఆ పెంపు దానంతటదే వచ్చేస్తుంది. ఎక్కువ చేస్తేనే చివరికి సరిపోతుందమ్మా."

"మా ఆడవాళ్ళ పనిలా ఉందండీ. బోలెడు ఎక్కువ చేస్తే, సరే సరిపోయిందిలే అంటారు."

మేస్త్రీగారికి పొలమారింది. షెడ్డులో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. ఆ రెండు స్కేళ్ళ మధ్య తికమక పడితే ఏమవుతుందో కూడా అప్పుడే చెప్పాడాయన. తాళంచెవి ముద్రవాడు ఒకసారి తన ఇంటి గుమ్మాన్ని బజారు స్కేలుతో కొలుచుకొచ్చి, ఇక్కడి దొంగ స్కేలుతో తలుపు కోసి పట్టుకెళ్ళాడు. తలుపు గుమ్మంలో పడితే ఒట్టు. సెలవు రోజంతా చిత్రిక పట్టుకుని కూర్చున్నాడు, పెళ్ళాం గుమ్మంలో నిలబడి వీధి వీధికీ వినబడేలా లెక్చరిచ్చింది.

ఆ రోజు నుంచి పొద్దున్న ఊడవడం, ఆ తర్వాత ఉలి పట్టడం. మూడేళ్ళకి చీపురు వేరే చేతికి మారింది. మరో రెండేళ్ళకి ఆమె చేసిన కవాటం నమూనా చూసి బయటి కంపెనీవాళ్ళు "మేస్త్రీగారూ, మీ చెయ్యి ఇంకా వణకలేదండీ" అని పొగిడారు. మేస్త్రీగారు తల ఊపాడు. ఆమె చేసినవన్నీ ఆయన చేప ముద్రతోనే వెళ్ళేవి మరి. ఆడవాళ్ళకి ముద్ర ఇచ్చే ఆనవాయితీ లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అంతకుముందు ఆ షెడ్డులో ఆడమనిషే లేదు.

ఆమెకీ మొదట్లో ఆ ఆలోచన లేదు. పెళ్ళయింది, బస్సు డ్రైవరు భర్త, ఒక పాప, ఇంట్లో అమ్మ. చేతిలో ఇష్టమైన పని. ఇంకేం కావాలి? ఆ ఇంకేం కావాలన్నది ఒక గేరుపెట్టె మూత నేర్పింది. ఆమె చేసిన మూతలో గోడ ఒక పక్క పలచనైంది, పోతలో పగిలింది. ఇసుక మేస్త్రీ తిరగేసి చూశాడు. చేప. గొంతు సవరించుకున్నాడు. "ఏమయ్యా చేపా, నీళ్ళలోంచి బయటపడి ఎన్నాళ్ళయింది? కంపు కొడుతోంది నీ పని!" అరవై ఏళ్ళ మనిషి తల దించుకుని నిలబడ్డాడు. ఆ పని తనది కాదని ఒక్క మాట అనలేదు. గుమ్మం చాటు నుంచి చూసిన దారం పిల్లకి ఆ రోజు ముద్ద దిగలేదు.

మర్నాడే అడిగేసింది.

"మేస్త్రీగారూ, నాకూ ఒక ముద్ర ఇప్పించండి."

"నా చేప చాలదుటమ్మా? నీ పని మీద నా ముద్ర పడుతోందంటే నీ పని బాగున్నట్టేగా."

"బాగున్నప్పుడు సరేనండీ. నిన్నటిలా చెడితే?"

"చెడితే నేను కాచుకుంటాను. ఆ ఇసుకాయన నోరు నీకు తెలీదు. ఆడకూతురివి, నలుగురిలో ఆ మాటలు పడతావా? నేను చూడలేను తల్లీ."

నిజంగానే చూడలేడు. వచ్చిన బాధల్లా అదే. కోపంగా కాదన్నవాడితో పోట్లాడొచ్చు, ఇంత ప్రేమగా కాదంటే ఏం చేస్తాం? ఆమె తిరిగి ఉలి అందుకుంది. అడగడం మాత్రం మానలేదు. ఏడాదికోసారి అడిగేది, ఏడాదికోసారి ఆయన "చూద్దాంలే తల్లీ" అనేవాడు.

అలా ఉండగా, మంచి ఎండల్లో ఊరి నీళ్ళ పంపుల ఇంట్లో పెద్ద పళ్ళచక్రం రెండు ముక్కలైంది. కుళాయిలు దగ్గడం మొదలుపెట్టి, ఆ దగ్గు కూడా మానేశాయి. జనం బకెట్లు పట్టుకుని ట్యాంకరు లారీ వెనక పరుగులు. విరిగిన చక్రాన్ని తెచ్చి ఫౌండ్రీ పెరట్లో పడేశారు. అడ్డం మీటరు పైమాటే. ఎప్పటిదో, దాని కొలతల కాగితం ఎక్కడా లేదు. ఉన్నదాన్నే కొలుచుకుని కొత్తది పోయాలి.

"తప్పుకోండి, నేను కొలుస్తాను" అన్నాడు అల్లుడుగారు. రెండు ముక్కలూ నేల మీద కలిపి పెట్టించి, శ్రద్ధగా కొలిచి, పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన వెళ్ళాక దారం పిల్ల వచ్చి అలవాటు ప్రకారం చక్రం పళ్ళ చివరల చుట్టూ దారం తిప్పి రెండు కొసలా ముళ్ళు వేసి జేబులో పడేసుకుంది. ఆ దారానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

అల్లుడుగారు, ఇంకో ముగ్గురు అయిదు రోజులు కూర్చుని నమూనా చేశారు. అద్భుతంగా వచ్చింది, కళ్ళు తిప్పుకోలేం. నక్షత్రం ముద్ర పడింది. మర్నాడు పొద్దున్నే ఇసుకలోకి. సాయంత్రం దారం పిల్ల దాని పక్కనుంచి వెళ్తూ జేబులోంచి దారం తీసి చుట్టూ పట్టింది. ముడి వచ్చి సరిగ్గా ముడికి తగిలింది. ఎంత బాగా చేశారో అనుకుంది ముందు. ఆ వెంటనే ఒళ్ళు ఝల్లుమంది.

"అల్లుడుగారూ! ఇది తప్పండీ."

షెడ్డు మొత్తం తల తిప్పింది. అల్లుడుగారు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం తప్పు? చూపించు."

దారం పట్టి చూపించింది.

"సరిగ్గా సరిపోయిందిగా!"

"అదేనండీ తప్పు. సరిపోకూడదు."

"సరిపోతే తప్పంటుందేంట్రా ఈవిడ!" అని గొడుగువాడు అందుకున్నాడు. నవ్వులే నవ్వులు. పెద్ద మేస్త్రీగారు మాత్రం నవ్వలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, ఆమె చేతిలో దారం తీసుకుని, తనే చుట్టూ తిప్పి చూశాడు. ముడి ముడికి తగిలింది. అక్కడ వేలు అలాగే ఉంచి తలెత్తాడు.

"పాత చక్రాన్ని ఏ స్కేలుతో కొలిచావు?" అని అడిగాడు అల్లుణ్ణి.

"చేతిలో ఉన్నదాంతోనే మామయ్యా. రోజూ వాడేదే."

"దొంగదాంతోనా?"

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పాత ఇనుముని కొలవాల్సింది బజారు స్కేలుతో, చెక్క మీద గీయాల్సింది దొంగ స్కేలుతో. అల్లుడుగారు రెండు పనులకీ దొంగదాన్నే వాడాడు. కొలిచేటప్పుడు అది తక్కువ చెప్పింది, గీసేటప్పుడు అంతే ఎక్కువ గీసింది. రెండూ చెల్లుకు చెల్లు. చక్రం పాతదాని సైజులోనే వచ్చింది. అలాగే పోస్తే ఇనుము ముడుచుకుని సెంటీమీటరు చిన్నదవుతుంది, పళ్ళు పక్క చక్రం పళ్ళల్లో కూర్చోవు, ఊరు మరో పది రోజులు లారీ వెనకే. పాపం, అతన్నీ అనలేం. ఇరవై ఏళ్ళుగా చేతికి అలవాటైన స్కేలు అది. బజారు వడ్రంగి ఈ తప్పు చేయమన్నా చేయలేడు, వాడి దగ్గర దొంగ స్కేలే ఉండదు. పని ఒంటబట్టినవాడు మాత్రమే చేయగల తప్పది.

అల్లుడుగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెద్ద మేస్త్రీగారు తన చేతులు చూసుకున్నాడు. ఆ చేతులూ ఆ కళ్ళూ మీటరు చక్రానికి ఇంక చాలవని ఆయనకి తెలుసు.

"నేను చేస్తానండీ" అంది దారం పిల్ల. "మూడు రోజులు చాలు. వీళ్ళు నలుగురూ నాకు కావాలి."

ముందు కదిలింది అల్లుడుగారే. ఆ సంగతి అతని పేరున చెప్పుకోవాల్సిందే. తన నక్షత్రం ముద్రని చిత్రికతో గీకేశాడు. "నువ్వు కొలువు. నేను కోస్తాను" అన్నాడు. మూడు రోజులు ఆ షెడ్డులో ఆడమనిషి మాట మీద అయిదు రంపాలు నడిచాయి. పాత చక్రాన్ని బజారు స్కేలుతో కొలిచింది. చెక్క మీద దొంగ స్కేలుతో గీసింది. ప్రతి పన్నుకీ దారం పట్టింది. చక్రం మధ్య బెజ్జానికి కోరు చేసింది అమ్మ. మోకాళ్ళు పట్టేసి ఆ నెలతో పని మానేద్దామనుకుంటున్న మనిషి, "నీ చక్రానికి నేను కాక ఇంకెవరు చేస్తారే" అని కూర్చుంది. అదే ఆమె ఆఖరి కోరు.

మూడో రోజు మధ్యాహ్నానికి నమూనా సిద్ధం. చుట్టూ దారం పడితే ముడికీ ముడికీ మధ్య రెండు వేళ్ళంత చెక్క మిగిలింది, మిగలాల్సినంతా మిగిలింది. గుమ్మంలో ఇసుక మేస్త్రీ అప్పటికే గోల: "ఏంటయ్యా ఇంకా? ఊరు ఊరంతా నోరెండి కూర్చుంటే ఇక్కడ ముస్తాబులా?" పెద్ద మేస్త్రీగారు అలవాటుగా జేబులోంచి చేప తీశాడు, సుత్తి అందుకున్నాడు.

దారం పిల్ల ముద్ర పడాల్సిన చోట అరచెయ్యి పెట్టేసింది.

"వద్దండీ."

"చెయ్యి తియ్యమ్మా, టైమవుతోంది."

"మేస్త్రీగారూ, మీరు దీన్ని ముట్టుకోలేదు. రేపు ఇది చెడితే ఇసుక మేస్త్రీ మిమ్మల్ని తిడతాడు. ఆ గేరుపెట్టె మూతకి మీరు తలొంచుకుని నిలబడ్డారే, ఆ రోజు గుమ్మం చాటున ఎలా ఉన్నానో నాకు తెలుసు. మెప్పంతా మీరే ఉంచుకోండి, నేనడగను. నా తిట్లు నాకివ్వండి."

ఇసుక మేస్త్రీ కూడా నోరు మూశాడంటే చూసుకోండి. ఆమె అరచెయ్యి తియ్యలేదు. ఊరికి నీళ్ళు ఆపడం ఆమె ఉద్దేశం కాదు. ఇంకో నిమిషం ఆయన గట్టిగా అడిగితే తీసేసేదేమో కూడా. ఆయన అడగలేదు. చేపని జేబులో వేసుకుని, మూలనున్న ఆకురాయి బల్ల దగ్గరికి వెళ్ళాడు. విరిగిన ఉలి ముక్క ఒకటి బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. అరగంట పట్టింది. తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. దాని చివర పక్కపక్కనే రెండు గీతలు, ఒకదాని కన్నా ఒకటి వెంట్రుకవాసి పొడుగు.

"నీ రెండు స్కేళ్ళూనమ్మా. కొట్టు."

కొట్టింది. ఒక్కటే దెబ్బ.

ఇసుక మేస్త్రీ నమూనా తిరగేశాడు. "ఇదెవరి ముద్ర?"

"నాదండీ."

ఆయన ఆమెని వదిలేసి పెద్ద మేస్త్రీగారి వైపు చూశాడు. పెద్ద మేస్త్రీగారు చెవి మీద పెన్సిలు సర్దుకుంటూ అన్నాడు: "ఆవిడదే. ఏదైనా ఉంటే ఆవిణ్ణే అడుగు."

చక్రం పోశారు. రెండు రోజులు ఇసుకలోనే చల్లారనిచ్చారు. లారీలో పంపుల ఇంటికి తీసుకెళ్ళి బిగిస్తే పళ్ళు పళ్ళల్లో కూర్చుని, చప్పుడు కూడా లేకుండా తిరిగింది. ఆ సాయంత్రం ఇంట్లో కుళాయి రెండుసార్లు దగ్గి, ఎర్రటి నీళ్ళు కక్కి, ఆ తర్వాత ధారగా పోసింది. అమ్మా కూతురూ బకెట్టు పెట్టడం మర్చిపోయి చూస్తూ నిలబడ్డారు. పాప వచ్చి తిట్టేదాకా నీళ్ళు నేలపాలే. ఫౌండ్రీలో దండలూ సన్మానాలూ ఏమీ జరగలేదు. ఓనరు వచ్చి "బాగుంది" అనేసి వెళ్ళిపోయాడు.

ఇదంతా జరిగి ఎన్నో ఏళ్ళయింది. దారం పిల్ల దారం అక్క అయింది, ఇప్పుడు దారమ్మగారు. ఆ చెక్క షెడ్డుకి పెద్ద మేస్త్రీ. ఏడుగురు పనివాళ్ళలో నలుగురు ఆడపిల్లలు. అందులో ఒకతె అల్లుడుగారి కూతురే. ఇనుము ఎంత ముడుచుకుంటుందో ఇప్పుడు కంప్యూటరే లెక్కేసి ఇస్తుంది, దారమ్మగారు అయినా ఓసారి దారం పట్టి చూస్తారు. హాజరు పుస్తకంలో అందరికీ పేర్లున్నాయి. కొత్తగా చేరిన పిల్లకి మొదటి రోజే ముద్ర చేతిలో పెడతారు. "నేనింకా ఏమీ చెయ్యలేదు కదండీ?" అంటుంది ఆ పిల్ల. "చేస్తావుగా, చెడగొడతావుగా! పెట్టుకో" అంటారు.

బతుకులో పెద్ద రోజు ఏదని ఆమెనడిగితే చక్రం తిరిగిన రోజు అనరు. దాని తర్వాత రెండు నెలలకి వచ్చింది ఆ రోజు. పంపు మూత నమూనా ఒకటి చేస్తూ, తొందరలో చెవి కుడి పక్కన పెట్టాల్సింది ఎడమ పక్కన పెట్టేసింది. పోత పోశాక గానీ తేలలేదు. చెక్క షెడ్డు గుమ్మంలో కేక వినబడింది.

"ఎవరిదీ రెండు గీతలు?"

వెళ్ళింది. ఇసుక మేస్త్రీ నమూనా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెని చూడగానే పాత అలవాటు గొంతుకి అడ్డం పడింది. "అమ్మా, మీ మేస్త్రీకి చెప్పు..." అని పెద్ద మేస్త్రీగారి వైపు తిరిగాడు. పెద్ద మేస్త్రీగారు తలెత్తలేదు. ఆయన చిత్రిక సర్రు సర్రుమని సాగుతూనే ఉంది. ఇసుక మేస్త్రీ ఇటు చూశాడు, అటు చూశాడు, మళ్ళీ ముద్ర చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"కుడి ఏదో ఎడమ ఏదో తెలీకుండా ఏ చేత్తో అన్నం తింటున్నావమ్మా ఇన్నాళ్ళూ? ఈ మూత పట్టాలంటే పంపుని అద్దంలో చూసి బిగించాలి! రెండు గీతలు గీసుకోవడం వస్తే సరిపోయిందా, ఏ గీత ఎటో చూసుకోవద్దూ? రేపట్నుంచి ఆ దారంతో కొలవడం కాదు, నీ కళ్ళు జారిపోకుండా ముఖానికి కుట్టుకుని రా!"

పావురాలు లేచిపోయాయి.

చెవులు మండిపోయాయి ఆమెకి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గుతో చచ్చిపోయింది, అది దాచడం ఎందుకు? తలొంచుకుని నమూనా అందుకుని, సాయంత్రంలోగా చెవి ఊడదీసి సరైన పక్కన అతికి, ముద్ర మళ్ళీ కొట్టి అప్పజెప్పి ఇంటికొచ్చింది. అమ్మ వంటగదిలో ముక్కాలిపీట మీద కూర్చుని గిన్నెలు తుడుస్తోంది. కూతురి ముఖం చూసి గుడ్డ కింద పెట్టేసింది.

"ఏమైందే?"

"ఇసుక మేస్త్రీ నన్ను తిట్టాడమ్మా. షెడ్డు మొత్తం ముందు."

"నిన్నా? మీ మేస్త్రీని కాదూ?"

"నన్నే. ముద్ర చూసి మరీ."

అమ్మ కళ్ళు నిండిపోయాయి. తడి చేతులతోనే తుడుచుకుంది.

"మా అమ్మ పాతికేళ్ళు మోసింది. నేను ముప్పై ఏళ్ళు పిసికాను. మా ఇద్దర్నీ కలిపి ఒక్క మాటన్నవాడు లేడే ఆ ఫౌండ్రీలో" అంది. అని, పక్కనున్న కుర్చీ తన దగ్గరికి లాగి దాని మీద చేత్తో తట్టింది.

"కూర్చో. ఏమన్నాడో మొదట్నుంచీ చెప్పు. ఒక్క ముక్క వదిలావో, ఊరుకోను."